మిట్టకు నీళ్ళెక్కించిన అంకయ్య

మా ఊరికి కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు మొదట తెలుసుకునే పేరు అంకయ్యది. పాలు ఎవరు పోస్తారో తెలియకపోయినా ఒకపూట గడుస్తుంది గాని, నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలియకపోతే గడవదు. మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ మెట్టనేలల్లో ఉన్న చిన్న ఊరు మాది. మొన్నమొన్నటిదాకా పంచాయతీ, ఇప్పుడు మునిసిపాలిటీ. బోర్డు మారింది గాని, కుళాయి మాత్రం ఇప్పటికీ రెండు రోజులకోసారే వస్తుంది, అదీ ఒక గంట. ఆ గంట ఏ వీధికి ఎప్పుడన్నది ముప్పై నాలుగేళ్ళు అంకయ్య చేతిలోనే ఉండేది.

రోడ్డు కింద గుంతల్లో ఉండే వాల్వులను తిప్పడం ఆయన ఉద్యోగం. వాటిని తిప్పే, మనిషంత పొడుగున్న ఇనుప తాళాన్ని మోపెడ్‌కు కట్టుకుని పొద్దు పొడవకముందే బయల్దేరేవాడు. కూతురి పెళ్ళినాడు కూడా రెండు వీధులకు నీళ్ళు వదిలి, మోకాళ్ళదాకా తడిసిన పంచెతోనే వచ్చి పీటల మీద కూర్చున్నాడని ఆయన భార్య గోవిందమ్మ అందరికీ చెబుతుంది. ఆ కథను విసుగ్గా మొదలుపెట్టి నవ్వుతూ ముగిస్తుంది.

అంకయ్య ఏ వీధిలోనైనా తలెత్తుకుని తిరిగేవాడు, ఒక్క మిట్ట మీద తప్ప. ఊరికి పడమట ఎత్తు నేల మీద నూట యాభై ఇళ్ళుంటాయి. ఎక్కువమంది పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. అక్కడ కుళాయిలున్నాయి, నీళ్ళే దారంలా సన్నగా వచ్చేవి. అడిగినవాళ్ళకు అంకయ్య ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: "మీరు ఎత్తు మీదుండారు తల్లీ, నీళ్ళు ఎక్కల్యాకుండాయి." ఆయనకు ముందు ఆ పని చేసిన కోటయ్య కూడా అదే చెప్పేవాడు. అడిగీ అడిగీ విసిగిపోయి మిట్టవాళ్ళు చిన్న చిన్న మోటార్లు కొని, నేరుగా కుళాయి గొట్టానికి బిగించి నీళ్ళు లాగడం మొదలుపెట్టారు.

అంకయ్య రిటైరయ్యే ఏడాది మార్చి నెలలో ఒకనాటి పొద్దున, భాగ్య అనే ఆమె తడి చేత్తో మోటారు స్విచ్చి వేసింది. షాక్ కొట్టి, నాలుగడుగుల అవతల గోడకు పోయి పడింది. పక్కింటామె కర్రతో ప్లగ్గు పీకేసింది కాబట్టి ప్రాణం దక్కింది. రెండు రోజులు భాగ్య కుడిచెయ్యి పైకెత్తలేకపోయింది.

ఆ వారంలోనే మునిసిపల్ కౌన్సిల్ సమావేశం జరిగింది. మా ఊరి కౌన్సిల్ సమావేశమంటే ఆకాశాన్నంటే విషయాలేమీ ఉండవు. కుక్కల సంగతి, వెలగని వీధి దీపాల సంగతి, బడి ముందు స్పీడ్ బ్రేకర్ సంగతి. ఆ రోజు బస్టాండు దగ్గర పగిలిన కాలవ బండ మీదే అరగంట నడిచింది. చివరికి మోటార్ల సంగతికి వచ్చారు.

"ఇంటింటికీ పోయి మోటార్లు పీక్కొచ్చి ఆఫీసులో పడేస్తే సరి. మనిషి ప్రాణం కంటే ఎక్కువేంది?" అన్నాడు ఉమామహేశ్వర్లు. ఆయన బజారు వార్డు కౌన్సిలరు, విత్తనాలు ఎరువుల దుకాణం ఉంది.

మిగతావాళ్ళు తలలూపారు. చైర్‌పర్సన్ కోటిరత్నం ఒకప్పుడు ఇంట్లో మిషను పెట్టుకుని ఊరి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిన మనిషి. దేన్నయినా కత్తిరించే ముందు రెండుసార్లు కొలవడం ఆమెకు అలవాటు. వాకిలి దగ్గర నిలబడి ఉన్న అంకయ్యను చూసి అడిగింది: "నువ్వేమంటావన్నా?"

కౌన్సిల్లో అంకయ్యను అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పీకమంటే పీకుతానమ్మా. అయితే, పీకినాక ఆ ఇంటికి నీళ్ళెట్ల ఇస్తామో గూడా చెప్పి రావాల గదా. నాకు చెప్పేదానికి నోరు రాదు."

 అప్పుడు మూలన కూర్చున్న ఇంజినీరు యశస్విని లేచింది. పొదిలి అమ్మాయి, ఉద్యోగంలో చేరి అయిదు నెలలు. "మేడమ్, నిన్న నేను లెవెల్స్ చూసినాను. మిట్ట చివరి ఇంటికంటే మన ట్యాంకు ఇంకా తొమ్మిది మీటర్లు ఎత్తులో ఉంది. నీళ్ళు ఎక్కాలి. ఎక్కట్లేదంటే దార్లో ఎక్కడో ఏదో అడ్డం ఉంది."

కౌన్సిల్ పదిహేను రోజులు గడువిచ్చింది. ఆలోపు అడ్డం దొరక్కపోతే మోటార్లు తీసేయాలని తీర్మానం.

అంకయ్య ఇంటికి వచ్చి పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తలేదు.

"ఏందట్ల కూర్చున్నావు?" అంది గోవిందమ్మ.

"ఆ పాప చెప్పింది నిజమైతే, ఇన్నేళ్ళు నేను మిట్టోళ్ళకు అబద్ధం చెప్పినట్టేనే. ఎత్తు మీదుండారు, ఎత్తు మీదుండారు అని."

"తెలిసి చెప్పినావా?"

"లేదు."

"మరింకేంది. ఇప్పుడు తెలిసింది గదా, పోయి ఎతుకు. అన్నం మీద అలగబాక."

మూడు నెలల్లో ఆయన రిటైర్ కావాలి. ఊరి పైపులకు సరైన పటం లేదు. ఉన్న ఒక్క కాగితం పంచాయతీ రోజుల్లోనే చెదలు తినేసింది. కాబట్టి యశస్విని ఒక తెల్ల అట్ట మీద వీధులు గీసుకుని వచ్చింది. రోజూ నీళ్ళు వదలడం అయ్యాక ఇద్దరూ నడిచేవారు. ఎక్కడ ఏ పైపు వంగిందో, ఎక్కడ ఇనపది పోయి ప్లాస్టిక్‌ది మొదలైందో అంకయ్య చెప్పేవాడు. ఆయన లెక్కలో మీటర్లు ఉండవు. "రంగనాయకమ్మ వాళ్ళ గేదె గుంతలో పడిన యేడు వేసినాం ఇది" అనేవాడు. యశస్విని నవ్వాపుకుంటూ ఆ ఏడాది ఏదో రంగనాయకమ్మనే అడిగి రాసుకునేది. నాలుగో రోజుకు ఆమె 'అంకయ్యగారూ' అనడం మానేసి 'పెదనాయనా' అనడం మొదలుపెట్టింది.

ఎనిమిదో రోజు మెయిన్ బజారులో నడుస్తుంటే అంకయ్య ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"పాపా, నేను పనిలో చేరిన కొత్తల్లో కోటయ్య మామ ఈ బజార్లో ఒక వాల్వు ఉందని చెప్పినాడు. మిట్టకు పోయే పైపు మీద. దాన్ని ఎప్పుడూ తిప్పే పని పడదన్నాడు. తర్వాత నేను జ్వరంతో పడుకోనుంటే రోడ్డు వెడల్పు చేసినారు. మూతతో సహా పూడ్చేసినారు. మళ్ళీ బజారు మీద మూడు రోడ్లు పడినాయి. పూర్తిగా తెరిచే ఉంటుందిలే అనుకున్నా."

"తెరిచి లేకపోతే?"

 ఇద్దరూ రోడ్డు వైపే చూస్తూ నిలబడిపోయారు. మూడు వందల అడుగుల బజారు. ఎక్కడని తవ్వాలి?

ఆయన దగ్గర ఒక ఇనుప ఊచ ఉండేది. ఎక్కడైనా పైపు పగిలిందని అనుమానం వస్తే దాన్ని నేలకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని వినేవాడు. కింద నీళ్ళు మామూలుగా పోతుంటే ఒక శబ్దం, ఇరుకులో నుంచి పోతుంటే ఇంకో శబ్దం. అయితే బజారులో అది వినబడాలంటే బజారు నోరు మూసుకోవాలి. మిట్ట వంతుకు ట్యాంకు నిండి నీళ్ళు వదిలేది పొద్దున ఆరుకు. ఆ వేళకు టిఫిను హోటళ్ళలో గ్రైండర్లు, పాల వ్యాన్లు, గుడి మైకు, మార్కాపురం పోయే మొదటి బస్సు. ఎంత గోలో చెప్పలేం.

సంగతి విని కోటిరత్నం, "ఎంతసేపు మూయాల?" అంది.

"పది నిమిషాలమ్మా."

మర్నాడు పొద్దున చైర్‌పర్సన్ స్వయంగా చీర కొంగు బిగించి నడిరోడ్డు మీద నిలబడింది. చెయ్యెత్తి బస్సు ఆపింది. డ్రైవరు తల బయటపెట్టి "ఏందక్కా, ధర్నానా?" అన్నాడు.

"కాదు నాయనా, అంకయ్యన్న నీళ్ళ మాట వింటాడంట. ఇంజను ఆపు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. హోటలువాళ్ళు గ్రైండర్లు కట్టేశారు. పూజారి మైకు తీసేశాడు. ఆటోలు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. బస్సులోని వాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూస్తున్నారు. మా బజారు అంత నిశ్శబ్దంగా ఉండగా ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఎక్కడో ఎవరో తుమ్మితే పదిమంది "ష్" అన్నారు. ఆ 'ష్' తుమ్ము కంటే గట్టిగా వినపడింది.

అంకయ్య అడుగడుక్కీ ఊచ ఆనిస్తూ వంగి వింటూ నడిచాడు. గుడి దాటాడు, బట్టల కొట్టు దాటాడు. ఎరువుల దుకాణం ముందుకు వచ్చి ఆగాడు. రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వచ్చాడు. తర్వాత ఉమామహేశ్వర్లు దుకాణం ముందున్న బండల అరుగు మీదికెక్కి ఊచ ఆనించాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఈడుంది" అన్నాడు.

ఉమామహేశ్వర్లు దుకాణంలోంచి బయటికి వచ్చాడు. "ఈడుంటే ఏంది? అరుగు కొడతారా? ఇవి రోడ్డు వెడల్పు చేసినాక మా నాయన దగ్గర నిలబడి పరిపించిన బండలు. ఇనుప కడ్డీ మాట విని కొట్టమంటే ఎట్ల ఒప్పుకుంటా?"

అంకయ్య వాదించలేదు. ఊచ ఆయన ముందుకు చాపాడు. "నా మాట వద్దు శెట్టీ. నువ్వే విను."

బజారంతా చూస్తోంది. ఉమామహేశ్వర్లు ఇష్టం లేకుండానే వంగి ఊచకు చెవి పెట్టాడు. ముందు ఏమీ తెలియలేదు. "ఊపిరి బిగబట్టు" అన్నాడు అంకయ్య. బిగబట్టాడు. అప్పుడు వినపడింది. కింద, చాలా లోతున, సన్నగా, తెరిపి లేకుండా బుస కొడుతున్న శబ్దం. పొంగడానికి ముందు పాలగిన్నెలో వచ్చే శబ్దంలా ఉంది. 

ఆయన తల ఎత్తి కోటిరత్నం వైపు చూసి, "ఎవరో గొంతు పట్టుకున్నట్టుంది అక్కా" అన్నాడు. తర్వాత తన గుమస్తా వైపు తిరిగి, "బస్తాలు లోపలికి జరపండి. గడ్డపార తేండి" అన్నాడు. మొదటి బండ తనే ఎత్తాడు. పగలకుండా, జాగ్రత్తగా తీసి గోడకు ఆనించాడు.

రెండడుగుల లోతున పాత పలకరాయి మూత కనపడింది. దాని కింద మట్టితో నిండిపోయిన గుంత, మట్టిలో తుప్పు పట్టిన వాల్వు. అంకయ్య గుంతలోకి దిగి చేతులతో మట్టి తీశాడు. ఆ రోజుకు మిట్ట నీళ్ళు ఆపకుండానే ఉంచి, నూనె పోసి, గంటసేపు నాననిచ్చారు. తాళం తగిలించాక ఆయన పక్కనున్న ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. విరిగితే అంతా పోతుంది. పావు చుట్టు ముందుకు, అర పావు వెనక్కి. మళ్ళీ పావు ముందుకు. చెమట కళ్ళల్లోకి కారుతోంది. పన్నెండు చుట్లు తిరగాల్సిన వాల్వు మూడు చుట్లు మాత్రమే తెరిచి ఉంది.

"అప్పట్లో ట్యాంకు చిన్నది. కింద బజారన్నా నిండాలని తగ్గించి ఉంటారు పెదనాయనా. పెద్ద ట్యాంకు కట్టినాక దీన్ని మర్చిపోయినారు" అంది యశస్విని.

"మర్చిపోయినోళ్ళలో నేనూ ఉండానమ్మా" అన్నాడు అంకయ్య, తాళం తిప్పుతూనే.

పన్నెండో చుట్టు తిరిగేసరికి ఊచ అవసరం లేకుండానే గుంతలో నీళ్ళు పరుగెత్తే చప్పుడు అందరికీ వినపడింది. యశస్విని ఫోను మోగింది. మిట్ట మీద కుళాయి దగ్గర కాపలా ఉంచిన భాగ్య. ఆమె మాటల వెనక ఏదో పెద్ద హోరు.

"మేడమ్, కుళాయి దగ్గుతోంది! ఉత్త గాలి, చప్పుడు... అమ్మో, ఎర్రనీళ్ళు! ఉండండి, ఉండండి... తెల్లగా వస్తున్నాయి. మేడమ్, బిందె నిలబడట్లేదు, నెట్టేస్తోంది!"

అంకయ్య గుంతలోంచి పైకి వచ్చి, మట్టి చేతులతోనే మోపెడ్ ఎక్కాడు. వెనక యశస్విని స్కూటీ, దాని వెనక ఉమామహేశ్వర్లు కారు. వాళ్ళు పోయేసరికి మిట్ట మీద ఇంటింటి ముందూ జనమే. బిందెలు, డ్రమ్ములు, తొట్లు, చివరికి ఇడ్లీ పాత్రలు కూడా నిండాయి. నిండాక ఏం చేయాలో తోచక ఒకరి మీద ఒకరు చల్లుకోవడం మొదలుపెట్టారు. భాగ్య బాగైన కుడిచేత్తో ఒక చెంబెడు నీళ్ళు తెచ్చి అంకయ్య తల మీద గుమ్మరించింది.

"ఎత్తు మీదుండామన్నావే చిన్నాయనా!"

"తప్పయిపోయింది తల్లీ" అన్నాడాయన. కళ్ళనీళ్ళు ఏవో, చెంబు నీళ్ళు ఏవో ఎవరికీ తెలియలేదు. ఆయన నవ్వుతున్నాడు, అది మాత్రం తెలిసింది. "ఇంగ మోటార్లు తీసెయ్యండి. ఈ గంట నీళ్ళు మీయే."

తీసేశారు. ఎవరూ పీకాల్సిన పని పడలేదు. వారంలోపు మిట్ట మీద ఒక్క మోటారూ మిగల్లేదు. కొన్ని పొలాలకు పోయాయి, కొన్ని అటకలెక్కాయి. ఉమామహేశ్వర్లు అరుగును రెండడుగులు వెనక్కి జరుపుకుని తన తండ్రి వేయించిన బండలనే మళ్ళీ పరిపించాడు. వాల్వు గుంతకు మునిసిపాలిటీ గట్టి ఇనుప మూత వేయించింది.

జూన్ నెలాఖరున అంకయ్య రిటైరయ్యాడు. కౌన్సిల్ హాల్లో శాలువా కప్పారు, దండ వేశారు. గోవిందమ్మ ముందు వరసలో కూర్చుని పెళ్ళినాటి తడిపంచె కథను చైర్‌పర్సన్‌కు మొదటినుంచీ వినిపించింది. యశస్విని గీసిన పైపుల పటాన్ని ఆ రోజే గోడకు బిగించారు. అందులో వీధుల పేర్లతో పాటు అంకయ్య గుర్తులు కూడా చిన్న అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఇప్పుడు మా ఊళ్ళో రోడ్డు తవ్వాలంటే ముందు ఆ పటం చూడాలని తీర్మానం ఉంది. ఎక్కడైనా అర్థం కాకపోతే యశస్విని ఆయనకు ఫోన్ చేస్తుంది.

"ఏ వీధి? ఎవరి ఇంటి ముందు?" అని అడుగుతాడు ఆయన. ఆమె చెప్పడం పూర్తయ్యేలోపే అవతల మోపెడ్ స్టార్టయిన చప్పుడు వినపడుతుంది.