కదలొద్దన్న పెద్దాయన

నేపాల్‌లోని సున్‌కోశి నదిలో దోనె నడిపినన్నాళ్ళూ హస్తబీర్ మాఝి ఒక్క మనిషిని కూడా తడవనివ్వలేదు. ఈ సంగతి అడిగినా అడక్కపోయినా ఆయనే చెబుతాడు. పెళ్ళికూతుళ్ళను, మేకలను, రాగుల బస్తాలను అన్నిటినీ ఏరు దాటించాడు. ఎవరెక్కడ కూర్చోవాలో ఆయనే చెప్పేవాడు. "ఎవరూ కదలొద్దు!" అని అరిచాడంటే ఎంతటి అధికారైనా దురద పుట్టినా గోక్కోకుండా కూర్చునేవాడు. ఒకడు పక్కకి ఒరిగితే చాలు, దోనె బోల్తా కొడుతుంది మరి.

తర్వాత నది మీద వేలాడే వంతెన పడింది. జనమూ మేకలూ ఆయన నెత్తి మీదుగానే నడిచిపోయారు. ఇప్పుడా దోనెలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

అలాంటివాడి కడుపున పుట్టి, కూతురు జునెలీ జనాన్ని ఏట్లో షికారు తిప్పే రబ్బరు పడవలవాళ్ళతో చేరింది. అది ముసలాయనకు బొత్తిగా మింగుడుపడలేదు.

"గాలి తిత్తిమీద కూర్చుని నురగల్లో పడి పోతారట, అవతలి ఒడ్డుకి మాత్రం పోరట! ఏం రోగం వీళ్ళకి?"

"ఒక్కసారి ఎక్కి మాట్లాడు బా," అనేది జునెలీ తండ్రితో.

"నా శవం ఎక్కుతుంది."

చివరికి శవం కాకముందే ఎక్కాడు. ఆ రోజు జునెలీకి పరీక్ష. ఏటి మధ్యనున్న అత్త బండ దాటించి పడవను క్షేమంగా తెస్తే రేపటినుంచి తనే కెప్టెన్. లేకపోతే ఇంకో ఏడాది ఒడ్డున పప్పూ అన్నం వండిపెట్టడమే. తీరా బయల్దేరే వేళకు షికారుకొచ్చిన కాఠ్మాండూ కుర్రాళ్ళలో ఒకడికి కడుపులో తిప్పింది. బరువు చాలకపోతే పరీక్షే లేదన్నాడు పెద్ద గైడు సుకమాన్ తమాంగ్. కూతురి మొహం చూసి హస్తబీర్ టోపీ మీదే హెల్మెట్ బిగించుకుని, ఉత్త కాళ్ళతో ఎక్కాడు.

అత్త బండకు ఆ పేరు ఊరికే రాలేదు. దెప్పకుండా ఎవరినీ పోనివ్వదు. కెరటం పడవను అడ్డంగా తిప్పి దానికేసి కొట్టింది. రబ్బరు పడవ బండకు అతుక్కుందంటే అందరూ పడవలోనే బండ వైపుకి దూకాలి. అప్పుడే నీళ్ళు దాన్ని వదులుతాయి.

"బండ వైపు దూకండి!" అని జునెలీ అరిచింది.

"ఎవరూ కదలొద్దు!"

ఈ రెండో కేక హస్తబీర్‌ది. అలవాటు, అంతే. ఆ గొంతుకు కుర్రాళ్ళు రాళ్ళయిపోయారు. పడవ నిదానంగా, మర్యాదగా తిరగబడింది.

జునెలీ తిరగబడ్డ పడవ మీదికెక్కి ఒక్కొక్కరినీ లైఫ్ జాకెట్ పట్టుకుని లాగింది. ఆఖరున వచ్చిన తండ్రి నోట్లోంచి నీళ్ళూ తిట్లూ కలిసి పడ్డాయి.

ఒడ్డున సుకమాన్ జాండ్ అనే రాగుల కల్లు డబ్బా తెరిచాడు. పడవ బోల్తా కొట్టించినవాడు తన తడి బూటులోనే ఆ కల్లు తాగాలి. అది వాళ్ళ ఆచారం.

"నేను పడవ ముందు కొసన కూర్చున్నాను, హోరులో నాకేం వినపడలేదు. తప్పెవరిది?" అని అడిగాడు.

"దూకమన్నారు, వద్దన్నారు. ఎవరేమన్నారో తెలీలేదన్నా," అన్నాడొక కుర్రాడు.

జునెలీ తండ్రి వైపు చూడలేదు. బూటు విప్పి ముందుకు చాపింది. తాగితే తప్పు ఒప్పుకున్నట్టే.

హస్తబీర్ టోపీ పిండుకుంటున్నాడు. నోరు మూసుకుంటే చాలు, మచ్చలేని పేరు అలాగే ఉంటుంది. పిండిన టోపీనే మళ్ళీ పిండాడు.

"ఆగు నానీ. కదలొద్దన్నది నేనే. ముంచింది నేను."

సుకమాన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అయితే మీ బూటు తీయండి కాకా."

ముసలాయన జన్మలో బూటు తొడిగితే కదా! కూతురి చేతిలోది లాక్కున్నాడు.

"బా, అది నా కాలిది!"

"అయితేనేం? మన ఆచారం ప్రకారం నీ పెళ్ళిలో ఎలాగూ నీ కాళ్ళు కడిగి ఆ నీళ్ళు తాగాల్సినవాణ్ణే. కల్లు పొయ్యి, సుకమాన్."

ఇసుకతో సహా గటగటా తాగేశాడు.

"వంటకి ఇంకొకణ్ణి వెతుక్కోవాలి," అని గొణుగుతూ సుకమాన్ కెప్టెన్ తెడ్డును జునెలీ చేతికిచ్చాడు.

పడవను మళ్ళీ నీళ్ళలోకి తోశారు. అందరూ ఎక్కినా హస్తబీర్ మోకాలి లోతులో నిలబడే ఉన్నాడు.

"ఏంటి బా, ఎక్కవా?"

"ఎక్కడ కూర్చోమంటావో చెప్పు, కెప్టెన్."