స్తంభం మీద ఎర్రగీత

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో పాతపట్నంలో ఒక ఇంటి పని నాకు అప్పగించారు. అప్పటికి నేను శ్రీకాకుళంలో ఒక ఇంజినీరు గారి ఆఫీసులో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆడవాళ్లకైనా హోదా పేరు అదే. నేను కాలేజీకి వెళ్లలేదు. ప్లాన్లు గీసే ఉద్యోగం చేసిన నాన్నే ఇంట్లో బల్ల మీద ఆ విద్య నేర్పారు. స్కేలు పట్టే ముందు ప్రార్థన, ఇల్లు పూర్తయ్యాక దేవునికి స్తోత్రం, ఈ రెండూ కూడా ఆయన నేర్పినవే. అందుకు ఈనాటికీ కృతజ్ఞురాలిని. పేర్లు మార్చి రాస్తున్నాను.

స్థలం కొండవాలు మీద ఉంది. తూర్పున రోడ్డు, అక్కడి నుంచి పడమటికి నేల మనిషి లోతు దిగిపోతుంది. రోడ్డు కూడా దక్షిణానికి ఎక్కుతుంది. ఆ ఎగువ పక్క ఇల్లు అన్న తవిటయ్యది. ఇల్లు కట్టుకోబోయేది తమ్ముడు సింహాచలం. లైన్‌మన్‌గా చేస్తూ కరెంటు స్తంభం మీంచి పడి, నడుం కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో ఉండిపోయిన మనిషి. కొలతలకు వెళ్లిన రోజు అతను అడిగింది ఒక్కటే.

"నానొక్కణ్నే రోడ్డెక్కాల మేడం గారండీ. గోనిబస్తా నాగ ఎవులూ ఎత్తకూడదు. టీకొట్టు కాడ నలుగురితో తగువాడొస్తే గాని నాకు ముద్ద దిగదు."

"ఆ తగువేదో నాతో ఆడు, ఇంటికాడే దిగుతాది" అంది అతని భార్య పార్వతి.

"నీతో నెగ్గలేనే!"

వాలు మీద ఇల్లంటే మామూలుగా గదులను అంచెలంచెలుగా దింపుతాం. ఖర్చు తక్కువ, కానీ ప్రతి అంచెకీ మెట్లొస్తాయి. కుర్చీ సులువుగా ఎక్కాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. అందుకని ఇల్లంతా రోడ్డు మట్టానికే ఒకే నేలగా గీశాను: ముందు సగం నేల మీద, వెనక సగం పిల్లర్ల మీద. ఆగ్నేయంలో వంటగది, నైరుతిలో అతని గది, దాన్ని ఆనుకుని స్నానాలగది. గడపలే చిక్కయ్యాయి. గడప లేని గుమ్మానికి వాళ్లు ఒప్పుకోరు. గడప చెక్కను నేలకు సమంగా పడుకోబెడదామన్నాను. పార్వతి, "పసుపు రాయడానికి సోటుంటే సాలు" అంది.

ముగ్గు పోసి మార్కింగ్ ఇచ్చిన రోజు, ఇంటి నేల ఎంతవరకు రావాలో ఎదుటి కరెంటు స్తంభం మీద ఎర్రరంగు గీత వేయించాను. కదలని వస్తువు మీద వేసే ఇలాంటి గుర్తును బెంచ్ మార్క్ అంటాం. ఆ గీత ఎందుకో అన్నదమ్ములిద్దరికీ చెప్పాను. సింహాచలం పకపకా నవ్వాడు.

"నన్ను తోసీసింది స్తంభమే. మరల దాన్నే నమ్మి నా ఇల్లు కడతన్నారేటి?"

ఆ తర్వాత అతనికి పడకపుళ్లు పట్టి, విశాఖపట్నంలో ఆస్పత్రిలో నెలల తరబడి ఉండిపోయాడు. పార్వతి అతని దగ్గరే. ఇంటి పని తవిటయ్య చేయించాడు. మా ఆఫీసుకు ఇచ్చింది ప్లాను, మార్కింగ్ వరకే. పర్యవేక్షణకు విడిగా పిలవాలి, ఎవరూ పిలవలేదు. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను.

ఇంటి ముందు ఆరు మెట్లున్నాయి. ఎర్రగీత స్తంభం మీద చెక్కుచెదరలేదు. ఇంటి నేల మాత్రం దానికంటే మూడడుగులు ఎత్తున ఉంది.

తవిటయ్య కొత్త పంచెతో సంబరంగా ఎదురొచ్చాడు. "మా అరుగు మీంచి సూస్తే తమ్ముడిల్లు గోతిలో ఉన్నట్టు అగుపించింది మేడం గారండీ. ఊరోళ్లు ఏటంటారు? ఆడు ఆస్పత్రిలో ఉంటే అన్న సూసి సూసి పల్లంలో కట్టీసినాడనరా? నా సొంత సొమ్మేసి మా ఇంటికి సమంగా లేపినాను."

మరి కుర్చీ మాటేమిటన్నాను.

"నలుగురం లేమేటి? ఎత్తుకుంటాం. ఆడు మాకు బరువా?"

అతని ముఖంలో ప్రేమ తప్ప మరొకటి లేదు. టేపు తీసి కొలిచాను. మూడడుగుల ఎత్తుకు ముప్పై ఆరు అడుగుల ర్యాంపు కావాలి. అరుగుకూ రోడ్డుకూ మధ్య ఐదడుగులే. స్థలం వెడల్పు ముప్పై ఆరు లేదు కనుక సగంలో వెనక్కి తిరిగే మడత ర్యాంపే వేయాలి, దానికి పక్కపక్కనే రెండు వరసలు పట్టాలి. అక్కడున్నది ఒక్క వరసకు చోటు. దక్షిణాన అన్న గోడ, ఉత్తరాన పరాయి స్థలం, వెనక పల్లం. బీములు, స్లాబు పడ్డాక నేల దించడమంటే ఇల్లు పడగొట్టడమే.

సింహాచలాన్ని ఆటోలోంచి నలుగురు ఎత్తుకుని మెట్లెక్కించారు. అతను కళ్లు మూసుకున్నాడు. లోపల కుర్చీలో కూర్చోబెట్టాక, గది గదికీ ఒక్కడే తిరిగాడు. పసుపు రాసిన గడపల మీంచి చక్రాలు చప్పుడు లేకుండా సాగాయి. వీధిగడప కూడా దాటి, అరుగు అంచున ఆగాడు. చాలాసేపు స్తంభం వైపే చూశాడు.

"బాగా కట్టినావురా అన్నా" అన్నాడు చివరికి. తవిటయ్య కళ్లు తుడుచుకుంటూ భోజనాల ఏర్పాటుకు వెళ్లాక, నాతో గొంతు తగ్గించి అన్నాడు: "గీత మాట మా అన్న కాడ మరెత్తకండి మేడం గారండీ."

ఆ రోజు స్తోత్రం చెప్పకుండానే బస్సెక్కాను. రిటైరయ్యే లోపు అటు పని మీద వెళ్లినప్పుడల్లా అతను ఆ అంచునే కనిపించాడు. టీ ఇంటికే తెచ్చిస్తున్నారు.

ఇంటి ప్లాను పొడవు వెడల్పులనే చూపుతుంది. ఎత్తును కట్టించేవాడి కన్ను నిర్ణయిస్తుంది, ఆ కన్ను తన అరుగు మీంచి చూస్తుంది. ఆ తర్వాత నేను గీసిన ప్రతి ఇంటికీ, ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్‌ను పక్కింటి అరుగుతో సహా మొదటి కాగితం మీదే వేశాను. గదులు రెండో కాగితం మీదకు వెళ్లాయి.