వ్రతం పూట వెల్లుల్లి వాసన

మా అత్తయ్య ముక్కు ముందు మా ల్యాబులో మిషన్లన్నీ దిగదుడుపే. అన్నవరం కొండ మీద వ్రతానికి పీటల మీద కూర్చోబోతుంటే, నా కొంగు సర్దడానికి వంగినావిడ ఆగిపోయారు.

"వెల్లుల్లి తిన్నావేంటమ్మా? వ్రతం పూటా?"

ముందు రోజు నుంచీ మా ఇంట్లో ఉల్లీ వెల్లుల్లీ లేని వంటే. పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప నా నోట్లో ఏమీ పడలేదు. ఆ మాటే అనబోతుంటే ల్యాబు గుర్తొచ్చింది.

రాజమండ్రిలో నాది కెమిస్ట్రీ పరిశోధన. గంధకం, సెలీనియం ఉన్న పదార్థాలు తయారుచేసి, అవి ఒంట్లో కణాలు పాడవకుండా కాపాడతాయేమో చూడటం నా పని. వెల్లుల్లికి ఆ ఘాటు గంధకం వల్లే. సెలీనియం దానికి తోబుట్టువు. రవ్వంత ఉంటే ఒంటికి మేలు, కాస్త ఎక్కువైతే విషం. ఎక్కువైనదాన్ని ఒళ్ళు ఊపిరితో బయటికి తోసేస్తుంది, అప్పుడా ఊపిరి వెల్లుల్లి కంపు కొడుతుంది. ఈ పాఠం కాలేజీ పిల్లలకి చెప్పేది నేనే.

ల్యాబులో ఆవిర్లు లాగే ఫ్యాను చెడిపోయి చాలా రోజులైంది. బాగు చేయించండి మొర్రో అంటే "చూద్దామండి మేడమ్‌గారూ" అన్నవాళ్ళే గాని చూసినవాళ్ళు లేరు. ప్రాజెక్టు గడువు నెత్తి మీదుంది. కిటికీలు తెరుచుకుని సెలీనియంతో పని కానిచ్చాను.

అప్పటికి నాకు మూడో నెల. మొదటిసారి నిలవలేదు. ఈసారైనా నిలబెట్టమనే ఆ వ్రతం.

నా వాసన నాకు తెలియడం లేదు. "నిజంగా వస్తోందాండీ?" అని పక్కనున్న మా ఆయన్ని మెల్లగా అడిగాను.

"గుప్పుమంటోంది. ఎప్పుడు తిన్నావేంటి?" అని నవ్వారు.

అత్తయ్య ఇంకా నా వంకే చూస్తున్నారు.

"ఆవకాయ ముక్క నాకానండి అత్తయ్యా, వేవిళ్ళకి ఆగలేక," అన్నాను.

ఆవిడ ముఖం మెత్తబడింది. "కడుపుతో ఉన్నదానివి, స్వామి ఏమీ అనుకోడులే. నోరు పుక్కిలించి రా."

పుక్కిలించాను. దాంతో ఊపిరి కడగబడుతుందా? వచ్చి పీట మీద కూర్చుంటే ఏడుపు ఆగలేదు. భక్తి అనుకున్నారు అత్తయ్య.

పంతులుగారు అక్షతలు చేతిలో పెట్టి, మనసులో కోరిక చెప్పుకోమన్నారు. బిడ్డ నిలవాలని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. స్వామీ, నేను వెల్లుల్లి తిన్నానన్నదే నిజం చెయ్యి అని అడిగాను.