మావ చెట్టెక్కే ఆట

కంప్యూటర్లో విండోస్ బదులు వేసుకునే లినక్స్ మీద నాకున్న అసహ్యం ఇంతా అంతా కాదు. అలాగని వదిలే దారీ లేదు. నా పాత లాప్‌టాప్ అంతకన్నా బరువైనది దేన్నీ మొయ్యలేదు. దాని మీదే గేములు తయారుచేస్తాను. చేస్తానంటే, చేద్దామని కూర్చుంటాను. రోజులో సగం ఆ గేమ్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌ని బతిమాలడంతోనే తెల్లారిపోతుంది.

ఆ వేసవిలో చేస్తున్న గేమ్ మా మావ కోసం. మావంటే మా అమ్మ తమ్ముడు. ఉద్దానంలో సొంత కొబ్బరితోట. కూలీని పిలవకుండా, కాళ్ళకి తాడు కట్టుకుని, మొలలో కత్తి దోపుకుని తన చెట్లు తనే ఎక్కేవాడు. కిడ్నీలు పాడయ్యాక చెట్లెక్కడం పోయింది. కొబ్బరినీళ్ళు కూడా ముట్టొద్దన్నారు. రోజు విడిచి రోజు పలాస వెళ్ళి డయాలసిస్ మంచం మీద పడుకోవాలి, తోడు నేను. ఒకసారి అలా పడుకునే అడిగాడు.

"కోడలా, నువ్వేయో బొమ్మలాడిత్తావు గదా. నన్నోపాలి సెట్టెక్కించనేవేటి?"

"ఎక్కిస్తాను మావా" అనేశాను. చెట్టు గీశాను, మావని గీశాను, ఆయన గళ్ళ లుంగీ కూడా గీశాను. పైకెక్కి బొండాం కోసుకుని దిగితే ఆట అయిపోతుంది.

అంతా కుదిరాక లినక్స్‌కి అప్‌డేట్ వచ్చింది. అడక్కుండా ఏం రాలేదు, నేనే బుద్ధి లేక నొక్కాను. మర్నాడు ఇంజిన్ తెరిస్తే తెరంతా నలుపు, కింద ఒక్క ముక్క. తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కనబడలేదట! దరిద్రపుది, కడుపులో పెట్టుకుని ఊరంతా వెతుక్కుంటోంది.

ఇంటర్నెట్‌లో ఇదే తిప్పలు పడ్డవాడొకడు దొరికాడు. వాడి ప్రశ్న కింద ఇంకొకడు "నాకు బాగానే పనిచేస్తోందే" అని రాసి పోయాడు. నీకు పనిచేస్తే నాకెందుకయ్యా? చివర్లో మొదటివాడు "సరే, సరిచేసుకున్నాను" అని రాసి ఊరుకున్నాడు. ఎలా సరిచేసుకున్నాడో మాత్రం చెప్పలేదు. భోజనానికి కూర్చోబెట్టి విస్తరి లాగేసినట్టయింది. వాడి మీద పుట్టిన రోత ఇప్పటికీ పోలేదు.

కాశీబుగ్గలో రిపేరు షాపుకి తీసుకెళ్తే, లినక్స్ అనగానే అతను లాప్‌టాప్‌ని నా వైపు తోసేశాడు. "ఇయన్నీ మనకెందుకు మేడమ్, తీసేత్తాను, విండోస్ ఏసుకోండి" అన్నాడు. ఇంటికొచ్చి, కార్డుని నడిపే డ్రైవర్ తీసేసి పాతది వేశాను. వైఫై పోయింది. వైఫై తెచ్చుకుంటే సౌండ్ పోయింది.

"ఇంకా అవ్వనేదేటే?" అని మావ అడగడం, "అవుతోంది మావా" అని నేననడం. ఆ మాటంటే నా నోటికే వెగటు పుట్టింది.

ఒకరోజు అడగలేదు. డయాలసిస్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు భయమేసింది. అక్కడే స్టూలు మీద కూర్చుని ఆఖరి దారి పట్టాను. కార్డుని వదిలేసి బొమ్మలు గీసే పని కూడా ప్రాసెసర్ నెత్తినే పడేశాను. గేమ్ తెరుచుకుంది. కానీ ఏం తెరుచుకోవడం! మీట నొక్కితే తెరమీది మావ ఒక చెయ్యి ఎత్తి ఆగిపోతాడు. చాలాసేపటికి రెండో చెయ్యి. మళ్ళీ ఆగిపోతాడు. ఈ పాడు పని చూపించడానికా ఆయన్ని ఇన్నాళ్ళు ఊరించానని నా మీద నాకే ఏవగింపు పుట్టి, మూసేయబోయాను.

ఎప్పుడు ఇటు తిరిగాడో, సూదులు లేని చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒగ్గీ, ముయ్యకే. ఆయాసం తీరితే ఆడే ఎక్కుతాడు."

ఆ పూట మావ మెషీన్ వైపు చూడలేదు, గంటెంతయిందని నర్సుని అడగలేదు. తెరమీది మావ చెట్టు సగంలో ఉండగానే డయాలసిస్ అయిపోయింది.

నేను ఊరుకోవచ్చు కదా. ఆ నత్తనడక చూస్తే నాకు ఒళ్ళు మండిపోతోంది. తిండి మానేసి కూర్చుని, కార్డుని దారికి తెచ్చి, తర్వాతిసారి గర్వంగా తెరిచాను. తెరమీది మావ చకచకా పాకి, బొండాం కోసి, దిగి నిలబడ్డాడు.

మావ మొహం చిట్లించాడు. "ఈడెవుడే?"

"నువ్వే మావా."

"నేను కాదు. మొన్నటోడేడీ? ఆడ్నే పెట్టు."

ఛీ, ఎన్ని పాట్లు పడ్డాను దీని కోసం! ప్రాణం తోడేసి బాగుచేసినదాన్ని మళ్ళీ నా చేతుల్తోనే ఆపేశాను. లాప్‌టాప్ రొప్పడం మొదలెట్టింది. మొన్నటివాడు వచ్చి చెట్టు పట్టుకున్నాడు. ఒక చెయ్యి, ఆగడం, రెండో చెయ్యి. మంచం మీద మావ కూడా ఊపిరి బిగబట్టి, అతను కదిలినప్పుడు వదులుతున్నాడు. ఎప్పటికో ఇద్దరూ చెట్టు కొనన మొవ్వు దాకా చేరారు. బొండాం కోసే మీట మీద వేలు పెట్టాను.

"కొయ్యకే కోడలా" అన్నాడు మావ. "కోత్తే దిగిపోవాల గదా. కాసేపు పైనే ఉండనీ."