చూడకుండా రాయగలిగిన ఒకే తేదీ

ఆరేళ్లుగా ఒక తేదీని మోస్తున్నాను. తేదీకి బరువేముంటుందని మీరు అనుకోవచ్చు. రెండు అంకెలు, ఒక గీత, మళ్లీ రెండు అంకెలు, మళ్లీ గీత, ఆ పక్కన సంవత్సరం. అంతే. కానీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, పొయ్యి మీద ఎసరు పెట్టినా అది నా లోపల కదులుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నాకు నలభై ఒకటో ఏట అక్షరాలు వచ్చాయి. అంతవరకు మదనపల్లెలో ఒక చిన్న సంస్థలో నేల తుడిచేదాన్ని. పుట్టుకతోనే పాదాలు లోపలికి వంగిన పసిపిల్లలకు అక్కడ వైద్యం చేసేవారు. డాక్టరమ్మ ఆ చిన్న పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, రవ్వంత తిప్పి, అలాగే పట్టుకుని పిండికట్టు వేసేది. వారం తరవాత విప్పి ఇంకో రవ్వంత. ఆరేడు వారాలకు పాదం ముందుకు చూసేది. తొందర పెట్టకుండా అడిగితే ఎముక కూడా మాట వింటుందని నేను అక్కడే చూశాను. తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని ఎన్నిసార్లు అలా నిలబడిపోయానో.

కట్లు అయ్యాక రెండు బూట్ల మధ్య కడ్డీ బిగించిన జోడు ఇచ్చేవారు. నాలుగేళ్లు నిండేదాకా పిల్లను నిద్రపుచ్చేటప్పుడు అవి తొడగాలి. మూడు నెలలకోసారి తెచ్చి చూపించాలి. మానేస్తే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుంది. ఎముక మాట వింటుంది, మరిచిపోతుంది కూడా.

అక్కడే సలోమి అనే అమ్మాయి కంప్యూటర్ మీద రిపోర్టులు తయారు చేసేది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు సెంటర్లలోని పిల్లల వివరాలూ ఆమె తెర మీదికి వచ్చేవి. సాయంత్రం పని అయ్యాక ఆమె మా ఆయాలకు అక్షరాలు నేర్పేది. మేం ముగ్గురం మొదలుపెట్టాం. ఇద్దరు నెలకే మానేశారు. నేను నా పేరును తప్పు లేకుండా రాసిన రోజు, ఆమె బోర్డు మీద ఆ రోజు తేదీ వేసింది. పేరు కింద తేదీ ఉంటేనే సంతకం నిండుతుందని చెప్పింది. నా నోటుబుక్కు మొదటి పేజీలో కూడా తన చేత్తోనే వేసి ఇచ్చింది. దాన్ని చూసి ఎన్ని పేజీలు దిద్దానో లెక్క లేదు. చూడకుండా రాయడం నాకు వచ్చిన మొదటి తేదీ అది. చాలాకాలం అదొక్కటే.

ఆ వారమే బస్టాండులో నిలబడి బోర్డు చదివాను. పుంగనూరు. కుప్పం. అంతవరకు బస్సు రంగును బట్టి, కండక్టరు ముఖాన్ని బట్టి ఎక్కేదాన్ని. ఇరవై ఏళ్లుగా నా ముందు తిరుగుతున్న బస్సులు ఆ రోజు నోరు తెరిచి తమ ఊరి పేరు చెప్పినట్టు అనిపించింది. ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది కూడా. నేను ఇంకో బోర్డు చదువుతూ ఉండిపోయాను.

తరవాత ఒకరోజు సలోమి నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. ఒక పెద్ద పట్టిక. ఒక్కో పిల్లకు ఒక్కో వరస. పైన తేదీలు పెట్టే చోటు ఉంది. దాన్ని ఫిల్టర్ అంటారట, పిండి జల్లెడ పట్టడం లాంటిదే అంది. ‘ఈ నెల’ అని నొక్కింది. అన్ని పేర్లూ పక్కకు తప్పుకుని, ఈ నెలలో రావాల్సిన పిల్లలు మాత్రం మిగిలారు. తంబళ్లపల్లె దగ్గర ఏదో గుడిసెలో పాలు తాగుతున్న బిడ్డ, కుప్పంలో ఉయ్యాల్లో ఉన్న బిడ్డ, ఇద్దరూ ఇక్కడ తమ వంతు వచ్చిందని నిలబడ్డారు. ఇంత జ్ఞాపకం మనుషుల్లో ఎవరికి ఉంటుంది? ఇప్పటికీ ఆ పట్టిక తెరిచినప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

ఆమె పట్టుబట్టి నాకు పుంగనూరు సెంటర్ ట్యాబు ఇప్పించింది. తల్లులు చెప్పింది ఎక్కించడం, పట్టికలో వచ్చిన పేర్లకు ఫోన్ చేసి పిలవడం నా పని. వాచ్‌మన్ నన్ను చూసినప్పుడల్లా, తుడిచే చేతికి ట్యాబు ఇచ్చినారు, పేర్లన్నీ తుడిచేస్తాదేమో సూడండప్పా అనేవాడు. నేనూ నవ్వేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి.

పుంగనూరు సెంటర్లో ఒకరోజు రెడ్డెమ్మ వచ్చింది. సదుం దగ్గరి పల్లె. చంకలో ఎనిమిది నెలల కూతురు చందన. ఎడమ పాదానికి కట్లు అయిపోయి బూట్లు ఇచ్చిన పిల్ల, వివరాలు ఇంకా ట్యాబులోకి ఎక్కలేదు. వానకు ఇల్లు కారి, తేదీలు రాసిచ్చిన కార్డు ముద్దయిపోయిందంది. బూట్లు ఎప్పుడు ఇచ్చారని అడిగాను. గంగమ్మ జాతర అయినంక మూడో బేస్తవారం అంది. ఆ పొద్దే తమ బోరు ఎండిపోయిందట, ఎట్లా మరిచిపోతానంది.

ఆమె చెప్పింది నాకు పూర్తిగా అర్థమైంది. నా పెళ్లి, నా బిడ్డల పుట్టుక, మా నాయన పోయిన రోజు, అన్నీ నాకు తెలిసింది అలాగే. జాతరకు ముందు, జాతర తరవాత. కానీ ట్యాబులోని పెట్టె జాతరను తీసుకోదు. అంకెలు వేయకపోతే చుట్టూ ఎర్రగీత పడుతుంది, ముందుకు పోనివ్వదు. వెనక తల్లులు వరసగా నిలబడి ఉన్నారు. గోడకు క్యాలెండరు ఉంది. నర్సును అడిగి, జాతర ఏ రోజో తెలుసుకుని, మూడు గురువారాలు లెక్కపెట్టి ఉండొచ్చు. అడిగితే, నాకు ఇంకా అది రాదని ఒప్పుకున్నట్టే. నేను ఆ పెట్టెలో నాకు చూడకుండా వచ్చిన తేదీ వేశాను. నా సంతకం తేదీ. ఎర్రగీత పోయింది.

తరవాత దిద్దుకుందాం అనుకున్నాను. వేలు దానంతట అదే పోయిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. వేలు దానంతట అదే ఎక్కడికి పోతుంది?

ఆ తేదీకి కంప్యూటర్ మూడు నెలలు కలిపి, చందన మళ్లీ రావాల్సిన రోజు నిర్ణయించింది. నా తేదీ అప్పటికి రెండేళ్ల కిందటిది. అంటే ఆ పిల్ల వంతు, ఆమె పుట్టకముందే వచ్చి వెళ్లిపోయింది. ‘ఈ నెల’ పట్టికలో ఆమె పేరు లేదు. గడువు దాటినవాళ్ల పట్టిక ఒక్క ఏడాది వెనక్కే చూసేది. అందులోనూ లేదు. నేను పట్టిక చూసి ఫోన్లు చేశాను. లేని పేరుకు ఎవరు చేస్తారు? నిజం చెప్పాలంటే నేనూ మరిచిపోయాను.

ఏడాది దాటాక సలోమికి లెక్క తేడాగా కనిపించింది. తెర పైభాగంలో మొత్తం పిల్లల సంఖ్య ఉండేది. దానికి తేదీలతో సంబంధం లేదు. కింద ఈ నెలవాళ్లు, రాబోయే నెలలవాళ్లు, గడువు దాటినవాళ్లు అని మూడు పట్టికలు. మూడూ కూడితే పైన ఉన్న సంఖ్య రావాలి. ఐదుగురు తక్కువ వచ్చారు. ఐదుగురే కదా అని ఎవరో అన్నారు. ఐదుగురు పిల్లలు అంది సలోమి.

మూడు రోజులు వెతికింది. నేను పక్కనే కూర్చుని చూశాను. నెల ఆఖరి తేదీ వరకు అని చెబితే, యంత్రం ఆ తేదీ మొదలయ్యే నిమిషం దగ్గరే ఆగిపోతుందట. ఆఖరి రోజు పగలంతా ఏ నెలకూ చెందకుండా పోతోంది. వచ్చే నెల ఒకటో తేదీ మొదలయ్యేలోపు అని ఆమె మార్చగానే ఇద్దరు పిల్లలు పట్టికలోకి తిరిగి వచ్చారు. కుప్పం ట్యాబులో నెల ముందు, రోజు వెనక పడుతోంది. పదమూడో తేదీ అని వేస్తే యంత్రం పదమూడో నెల అనుకుంటుంది, అలాంటి నెల లేదు కనుక ఆ తేదీలను ఖాళీగా వదిలేసింది. అది సరిచేస్తే ఇంకో ఇద్దరు వచ్చారు. తప్పిపోయిన మేకపిల్లలను ఒక్కొక్కదాన్నే పేరుపెట్టి పిలుస్తున్నట్టు ఉంది. అంత ఓపిక నేను డాక్టరమ్మ చేతుల్లో చూశాను, మళ్లీ ఈ అమ్మాయిలో చూశాను.

ఒక్కరు మిగిలారు. ఫిల్టర్లన్నీ తీసేసి ఆ వరసను పట్టుకుంది.

“అక్కా, ఈ పిల్లకు పుట్టకముందే బూట్లు ఇచ్చినామంట సూడు,” అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి తెర వైపు వంగింది. “ఈ తేదీ యాడనో సూసినట్టుండాది. నీకేమన్నా గుర్తుకొస్తాందా?”

“లేదు మా.”

“పుంగనూరు నుంచి ఎక్కించినారు. ఆ ట్యాబు నీకాడే కదా ఉండేది?”

“అందరూ పట్టుకుంటారు మా దాన్ని. నాకేం తెలుస్తాది?”

ఆమె నా వైపు చూసింది. “సరేలే అక్కా. పాత రిజిస్టర్లు ఎక్కించింది నేనే కదా. నాకాడే జారిపోయుంటాది.”

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ నాకు ఒక్కటే కనిపించింది. ట్యాబు తీసుకుని నా చేతికి మళ్లీ తుడిచే కర్ర ఇస్తారు. ముసలితనంలో నేర్చిన చదువు ఇంతే అంటారు. అక్షరాలు పోతాయని కాదు, అవి నావి కావని అంటారని నా భయం. ఒక పిల్ల పాదం ఒకవైపు, నా ట్యాబు ఒకవైపు. నేను ట్యాబును ఎంచుకున్నాను.

మరుసటి రోజు ఇద్దరం సదుం బస్సు ఎక్కాం. చందనకు అప్పటికి రెండేళ్లు. వాకిట్లో నడుస్తోంది, ఎడమ పాదం బయటి అంచు మీద. రెడ్డెమ్మ మమ్మల్ని తిట్టలేదు. మజ్జిగ ఇచ్చింది. “మీరు ఫోన్ సేస్తామంటిరి కదమ్మా. సెయ్యకపోతే, ఇంక బాగైపోయిందేమో అనుకుంటిమి,” అంది. పట్టని బూట్లు కడిగి, సంచిలో పెట్టి, చూరుకు వేలాడదీసి ఉంది. ఆ సంచి నేను మరవలేను.

తన రిపోర్టులో తప్పు వల్ల ఒక బిడ్డ ఏడాదికి పైగా కనిపించకుండా పోయిందని సలోమి కాగితం రాసి ఇచ్చింది. మీటింగులో చదివారు. ఆమెను ఎవరూ తీసేయలేదు. రెండు నెలలకు తనే మానేసింది. అంగళ్లు దగ్గర కాలేజీలో ఆఫీసు పనికి చేరిందని విన్నాను.

ఆమె వెళ్లాక ఒక మధ్యాహ్నం నేను పట్టిక తెరిచాను. ఫిల్టర్‌లో ఆ ఒక్క తేదీ వేశాను. మొదటి రోజు నుంచి ఆ రోజు వరకు అది ఎక్కడెక్కడ ఉందో చూపించమన్నాను. ఒక్క నొక్కు. మూడు వరసలు వచ్చి నిలబడ్డాయి. చందనది సలోమి ముందే దిద్దింది, ఇవి వేరే ముగ్గురు పిల్లలు. నాకు గుర్తు కూడా లేరు. వాళ్ల తల్లులు సెంటర్‌కు దగ్గరివాళ్లు, పిలవకపోయినా తెచ్చి చూపించుకున్నారు, కాబట్టి కొత్త తేదీలు పడి బతికిపోయారు. దేవుడి ముందు నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇలాగే ఉంటుందేమో. తిట్టడు, అరవడు. నువ్వు వేసింది వేసినట్టు వరసగా చూపిస్తాడు.

ఆ మూడూ దిద్దాను. ఈసారి క్యాలెండరు దగ్గర పెట్టుకుని, తల్లులకు ఫోన్ చేసి, పండగలూ వారాలూ లెక్కపెట్టి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే ఒప్పుకున్నట్టు కాదు. తరవాతి మీటింగులో, తేదీ తెలియదు అని నొక్కడానికి ఒక చోటు ఉండాలని, అలాంటి పేర్లన్నీ పట్టికకు అన్నింటికన్నా పైన రావాలని నేను చెప్పాను. సలోమి చోట కొత్తగా వచ్చినతను అలాగే చేశాడు. మంచి ఆలోచన అన్నారు. తుడిచే పనికి వచ్చి ఎంత ఎదిగిందని చప్పట్లు కొట్టారు. నీకు ఇది ఎలా తట్టిందని ఒక్కరు అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఎవరూ అడగలేదు. అడగనందుకు నాకు హాయిగా అనిపించింది. అదీ నేను.

చందనకు మళ్లీ కట్లు వేశారు. మడమ వెనక చిన్న కోత కూడా పెట్టాల్సి వచ్చింది, మొదటే పిలిచి ఉంటే అవసరం లేని కోత. ఇప్పుడు బడికి పోతోంది. పరిగెడుతుంది. ఎడమకాలి చెప్పు మాత్రం ఒకవైపే అరుగుతుంది. ఈయమ్మ ఇంటికి రాకపోయుంటే నా బిడ్డ కాలు పోయేదని రెడ్డెమ్మ అందరికీ చెబుతుంది. ఏటా కొత్త శెనక్కాయలు ఒక సంచి తెచ్చిస్తుంది. వాటిని తినలేను, పారేయలేను. సెంటర్‌కు వచ్చే తల్లులకు పంచేస్తాను.

సలోమికి తెలుసా? ఈ ప్రశ్న నన్ను వదలదు. ఆ తేదీ బోర్డు మీద వేసింది ఆమె. నా నోటుబుక్కులో ఉన్నది ఆమె దస్తూరి. మూడు రోజులు నిమిషాలను వెంటాడిన మనిషికి అది గుర్తుకు రాకుండా ఉంటుందా? గుర్తొచ్చి, నా చేతిలో ట్యాబు ఉండనివ్వడానికి తన మీద వేసుకుందా? అలా అయితే నా తప్పు ఇంకా పెద్దది. తెలియకపోతే, ఒక పిల్ల పాదం తన వల్లే తిరిగిపోయిందని ఈ రోజుకీ ఆమె నమ్ముతూ ఉంటుంది. ఏది నిజమైనా నాకు నిలబడే చోటు లేదు.

తంబళ్లపల్లె వైపు వెళ్లే బస్సు అంగళ్లులో ఆగుతుంది. ఒకసారి ఆమె స్టాపులో నిలబడి ఉంది. గొడుగు తెరుస్తోంది. నేను కిటికీ పక్కనే ఉన్నాను. దిగలేదు.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. మీరు క్షమించాల్సినవాళ్లు కాదు. ఆ తేదీ వేసింది నేను. ఈ వాక్యం నా చేత్తో రాసింది ఇదే మొదటిసారి. ఆమె నేర్పిన అక్షరాలే. ఇన్నేళ్లు అవి నా తప్పును దాచడానికి పనికొచ్చాయి. చెప్పడానికి కూడా పనికొస్తాయని ఇప్పుడే తెలిసింది. రాసి చూసుకుంటే ఆశ్చర్యంగా ఉంది. నాలుగు మాటలే. ఆరేళ్లు పట్టింది.

కాగితం పైన తేదీ వేసే చోటు ఇందాకటి దాకా ఖాళీగా వదిలాను. ఇప్పుడు లేచి, గోడ దగ్గరికి వెళ్లి, క్యాలెండరు చూసి వచ్చి ఈ రోజు తేదీ వేశాను.