పెద్దాయన్ని మాట్లాడించే పని

తొంభైల చివర్లో నేను బెంగళూరులో ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఒంగోలు నుంచి వచ్చాను. మారతహళ్ళిలో నాతో గది పంచుకున్న ఇద్దరూ మలయాళంలో మాట్లాడుకుని మలయాళంలోనే నవ్వుకునేవాళ్ళు. సెలవురోజు సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

ప్రోస్టేట్ ఆపరేషన్లప్పుడు మాత్రం నాకు గిరాకీ. సన్నటి గొట్టం పంపి గ్రంథిని గీకుతున్నంతసేపూ లోపల ద్రవం పారిస్తూనే ఉంటారు. అది రక్తంలోకి ఎక్కువగా ఇంకితే సోడియం పడిపోయి మనిషి తికమకపడతాడు, ఆపైన ప్రాణానికే ముప్పు. మత్తు నడుము కిందికే కాబట్టి రోగి మెలకువగానే ఉంటాడు. తెలుగువాళ్ళయితే మత్తు డాక్టరు నన్ను తలవైపు నిలబెట్టి, "మాట్లాడిస్తూ ఉండు. ఏమాత్రం తేడాగా అనిపించినా చెప్పు" అనేవారు.

ఒకరోజు వచ్చింది పేటలో చీరల అంగడి ఉన్న పెద్దాయన. కాసేపు జరీ గురించి చెప్పాడు. ఉన్నట్టుండి నా వైపు చూసి, "ఏం పాపా, ఇంత చిక్కిపోయినావు? హాస్టల్లో కూడు బాగలేదా?" అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన పెద్దవాళ్ళు ముక్కూ మొహం తెలియని పిల్లని కూడా తిన్నావా అని అడుగుతారు కదా. ఆ మాటకి మొహం వాచి ఉన్నాను. నేనుండేది హాస్టల్లో కాదని కూడా తట్టలేదు.

"మీ అమ్మ రాగిముద్ద, బస్సారు చేసి పెట్టుండాది. పోదాం పా."

"పోదాం" అన్నాను. ఆ ఆకుకూర చారులోకి నంచుకోవడానికి ఏముందని కూడా అడిగాను, సిగ్గులేకుండా.

"లైట్లు ఏల ఆర్పేసినారు?" అన్నాడాయన.

లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. అరిచాను. వెంటనే ద్రవం ఆపేశారు, సోడియం ఎక్కించారు, నీరు దిగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. "సమయానికి చెప్పావు" అని డాక్టరు మెచ్చుకున్నారు. ఆ సమయం ఆయన హాస్టల్ మాట ఎత్తినప్పుడే దాటిపోయిందని నేను నోరు విప్పలేదు. పిరికిదాన్ని.

మూడో రోజు వార్డుకి వెళ్ళాను. పక్కన ఆయన కూతురు కూర్చుని కమలాపండు ఒలుస్తోంది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "యారమ్మా నీవు?" అని మర్యాదగా కన్నడంలో అడిగాడు.

"థియేటర్ నర్సునండీ" అన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పని చేశాను. టేబుల్ మీద నుంచి ఎవరైనా తిన్నావా అని అడిగితే, ముందు డాక్టరుకి చెప్పేదాన్ని. జవాబు ఆ తర్వాతే.