మెట్టు లేని గాంధారం

నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్లే బస్సులో పక్కసీటు పెద్దాయన తన ఫోన్ నా చేతికిచ్చాడు. "మా ఇంటామె సార్. పోయి ఏడాదయింది. వినండి." చర్చిలో పాడిన పాట అది.

"బాగా పాడారు," అన్నాను.

"ఇది ఆమె కాదు సార్."

జ్ఞాపకార్థ కూడికలో వేద్దామని ఆ రికార్డింగును స్టూడియోలో ఇచ్చి, బాగు చెయ్యమన్నాడట. ఆయన అన్నది వెనక ఫ్యాను మోత గురించి. స్టూడియో అతను శ్రుతి బాగు చేశాడు. ఆమె 'గ' స్వరం, అంటే గాంధారం, హార్మోనియం రెండు మెట్లకు నడుమ పలికేదట. సంగీత శాస్త్రంలో అలాంటి స్వరానికి లెక్క ఉంది గానీ హార్మోనియంలో మెట్టు లేదు. కంప్యూటరు దాన్ని పై మెట్టు మీదికి జరిపేసింది.

"అసలు పాట ఉందిగా?"

"ఏడుంది? ఇది ఎక్కించి అది తుడిచేశాడు. మా తమ్ముడైతే, 'ఏంది అన్నా, వదిన పోయినాక చానా బాగా పాడతందే' అన్నాడు."

ఫోన్ ఆయన చేతికి తిరిగిచ్చాను.

ఆయన కళ్లు మూసుకుని ఆ ఒక్క స్వరం సన్నగా తీశాడు. "మర్చిపోతానేమోనని రోజూ అంటన్నా సార్. ఫోన్లోది వినకుండా ఉండలేను. వినీ వినీ నా గొంతు కూడా అటే జారిపోతంది." మళ్లీ తీశాడు. "ఇప్పుడన్నది ఎవరిది సార్? ఆమెదా, కంప్యూటరుదా?"

ఆమె గొంతు నేనెన్నడూ వినలేదు. పిడుగురాళ్ల దాకా ఆయన ఆ స్వరం తీస్తూనే ఉన్నాడు, తీసిన ప్రతిసారీ నా ముఖం వంక చూస్తూ.